పెట్టెలో ఏది, చేతిసంచిలో ఏది? విమానమెక్కే పెద్దలకు ఒక వైద్యుని మాట



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి ముచ్చటించుకునే ఈ పుటలో నేడు సూట్‌కేసుల గురించి రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే మా గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి నేలల్లో నివసించేవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. పత్తి తీతలు ముగిసి, మిరప కల్లాలు ఖాళీ అయ్యే వేసవి నాటికి మా ఊళ్లలో మరొక కాలం మొదలవుతుంది. అది అమెరికా ప్రయాణాల కాలం. కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో, కొడుకు కొత్త ఇంటి గృహప్రవేశానికో బయలుదేరే తల్లిదండ్రులు ఊరికి నలుగురైనా ఉంటారు. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు వారు వైద్యుని వద్దకు వస్తారు. ఆరు నెలలకు సరిపడా మందులు రాయమని అడుగుతారు. అంత దూరం విమానంలో కూర్చోగలమా అని సందేహిస్తారు. ఆ మందులను ఎక్కడ పెట్టుకొని తీసుకువెళ్లాలి అన్న ప్రశ్న మాత్రం నూటికి తొంభై మంది అడగరు.

నేను అడిగితే వచ్చే సమాధానం దాదాపు ఒకటే. "మందులదేముందండీ డాక్టరుగారూ, పెట్టెలో ఓ మూలన ఇరికిస్తే సరిపోదా?"

సరిపోదు. ఎందుకు సరిపోదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విమాన ప్రయాణంలో సామాను రెండు విధాలు. విమానాశ్రయంలో తూకం వేయించి, చీటీ కట్టించి, వారికి అప్పగించేది మొదటిది. దీనిని చెకిన్ లగేజీ అంటాం. అది విమానం అడుగుభాగంలో ప్రయాణిస్తుంది, గమ్యం చేరే వరకు మన కంటికి కనబడదు. మనతో పాటు లోపలికి తీసుకువెళ్లేది రెండవది. అది హ్యాండ్ లగేజీ. దేశీయ విమానాల్లో సాధారణ తరగతి వారికి ఎక్కువగా 15 కిలోల పెట్టెను, 7 కిలోల చేతిసంచిని అనుమతిస్తారు. అమెరికా వెళ్లే అనేక విమానాల్లో ఒక్కొక్కటి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలకు అనుమతి ఉంటుంది. సంస్థను బట్టి, టికెట్టును బట్టి ఇవి మారుతాయి కాబట్టి మీ టికెట్టుపై అచ్చయినదే ప్రమాణం. గన్నవరం నుంచి ఢిల్లీకి విడిగా ఒక టికెట్టు, అక్కడి నుంచి అమెరికాకు మరొక టికెట్టు కొన్నవారు ప్రత్యేకంగా గమనించాలి. మొదటి విమానానికి దేశీయ పరిమితే వర్తించి, గన్నవరంలోనే అదనపు రుసుము కట్టవలసి రావచ్చు.

మా ప్రాంతపు ఇళ్లలో ఈ తూకాల పని మహా శ్రద్ధగా జరుగుతుంది. మిర్చి యార్డులో టిక్కీలను కాటా వేయించిన చేతులు కనుక అరకిలో తేడా కూడా పట్టేస్తాయి. పెట్టెను స్ప్రింగ్ కాటాకు తగిలించి, 23 దాటితే కందిపొడి తీసి, తగ్గితే సున్నుండలు చేర్చి, ముల్లు సరిగ్గా గీత మీద నిలిచే వరకు ఇంటిల్లిపాదీ శ్రమిస్తారు. ఆవకాయ, గోంగూర, కొత్త కారం, అరిసెలు, పసిబిడ్డకు మెత్తని నూలు బట్టలు అన్నీ సర్దిన తర్వాత, మిగిలిన సందుల్లో మందుల పొట్లాలు చేరతాయి. ఏ వస్తువు ఎంత బరువు అన్నది అందరూ ఆలోచిస్తారు. ఏ వస్తువు సమయానికి చేరకపోతే ఏమవుతుంది అన్నది ఎవరూ ఆలోచించరు.

నాకు తెలిసిన రెండు సంగతులు చెబుతాను. వ్యక్తుల వివరాలు గోప్యంగా ఉంచవలసినవి కనుక ఊళ్లు, పేర్లు రాయడం లేదు.

అద్దంకి ప్రాంతానికి చెందిన ఒక తల్లి, వయసు అరవై దాటినది, ఇరవై ఏళ్లుగా మధుమేహంతో ఉన్న మనిషి, జనవరి మాసంలో చికాగోలోని కుమార్తె వద్దకు వెళ్లారు. విమానంలోకి సూదులు రానివ్వరని ఎవరో చెప్పిన మాట నమ్మి, ఇన్సులిన్ సీసాలను, సిరంజీలను, చక్కెర కొలిచే యంత్రాన్ని కలిపి పెద్ద పెట్టెలో పెట్టారు. మధ్యలో విమానం మారిన చోట ఆ పెట్టె వెనుకబడిపోయింది. చికాగోలో దిగిన ఆమె చేతిలో పాస్‌పోర్టు, కళ్లద్దాలు, ఒక శాలువా తప్ప మరేమీ లేవు. ఆమె వాడే రకం ఇన్సులిన్‌ను అక్కడ మందుల దుకాణంలో స్థానిక వైద్యుని చీటీ లేనిదే ఇవ్వరు. మన ఊరి వైద్యుడు రాసిన చీటీ అక్కడ చెల్లదు. మరునాటి సాయంత్రానికి ఆమెకు విపరీతమైన దాహం, వాంతులు మొదలయ్యాయి. నెలలు నిండిన కుమార్తె, తల్లిని వెంటబెట్టుకొని అత్యవసర చికిత్సకు పరుగెత్తవలసి వచ్చింది. పురిటికి సాయం చేయడానికి వెళ్లిన మనిషికే సాయం కావలసి వచ్చింది.

నాలుగవ రోజున పెట్టె ఇంటికి వచ్చింది. అప్పుడు నాకు ఫోను చేశారు. "డాక్టరుగారూ, పెట్టె దొరికిందండీ. మందు కూడా చూడ్డానికి బాగానే ఉంది. ఇక అదే వాడుకోవచ్చా?" అన్నారు. ఆరు నెలల ఇన్సులిన్ అది. సేద్యం మీద బతికే కుటుంబానికి ఆ డబ్బు విలువ నాకు తెలుసు. అయినా పారవేయమనే చెప్పాను. చాలాసేపు ఆవిడ మారు పలకలేదు.

అలా ఎందుకు చెప్పానో మీరు కూడా తెలుసుకోవాలి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవ ఉంచాలి. వాడుకలో ఉన్న సీసా, 30 డిగ్రీలు మించని గది ఉష్ణోగ్రత వద్ద, రకాన్ని బట్టి సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. అధిక వేడి దాని శక్తిని క్రమంగా హరిస్తుంది. గడ్డకట్టడం అంతకంటె ప్రమాదం. ఒకసారి గడ్డకట్టి తిరిగి కరిగిన ఇన్సులిన్ చూపులకు మామూలుగానే కనిపించవచ్చు కానీ దానిని నమ్మరాదు. విమానం అడుగుభాగంలో గాలి ఒత్తిడి మనం కూర్చునే చోట ఉన్నంతే ఉన్నా, అక్కడి చలి ఎంత ఉంటుందో ప్రయాణికుడికి తెలిసే మార్గం లేదు. పైగా పెట్టెలు విమానంలోనే ఉండవు. శీతకాలపు చికాగోలో సున్నాకు దిగువ చలిలోనో, మే నెలలో దోహా, దుబాయిలలో మన రెంటచింతల ఎండను తలపించే వేడిలోనో బండ్లపై ఆరుబయట వేచి ఉంటాయి. నాలుగు రోజులు ఎక్కడెక్కడ తిరిగిందో తెలియని ఇన్సులిన్‌ను నమ్ముకొని మోతాదు తీసుకుంటే, చక్కెర ఎందుకు తగ్గడం లేదో అర్థంకాక మరింత ప్రమాదం తెచ్చుకుంటాం.

ఇంతకూ విమానంలోకి సూదులు రానివ్వరన్న మాట నిజం కాదు. ఇన్సులిన్‌తో పాటు దానికి సంబంధించిన సిరంజీలను, పెన్ను సూదులను వైద్యుని చీటీ చూపించి చేతిసంచిలో నిరభ్యంతరంగా తీసుకువెళ్లవచ్చు. అంతర్జాతీయ విమానాల్లో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాల్లో ద్రవాలు తీసుకువెళ్లరాదన్న నియమం 2006 నుంచి అమలులో ఉంది. ప్రయాణంలో అవసరమైన మందులకు దాని నుంచి మినహాయింపు కూడా ఉంది. తనిఖీ వద్ద ముందుగానే బయటికి తీసి, మందు అని చెప్పి చూపించాలి, అంతే. సామాను తనిఖీ చేసే ఎక్స్‌రే వల్ల ఇన్సులిన్ చెడిపోదు.

ఇక రెండవ సంగతి. మార్టూరు పరిసరాల మిరప రైతు ఒకరు. గుండె రక్తనాళంలో స్టెంటు వేసి నాలుగు నెలలైంది. రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు మాత్రలు రోజూ తప్పనిసరి. ఆయన మందులన్నింటినీ బుద్ధిగా చేతిసంచిలోనే పెట్టుకున్నారు. అయితే అమెరికాలో దిగాక ఎక్కిన రెండవ విమానం చిన్నది. పైఅరలు నిండిపోయాయని చెప్పి, విమానం ద్వారం వద్దనే ఆయన చక్రాల సంచిని తీసుకొని అడుగుభాగంలోకి పంపించారు. భాష రాని ఆ పెద్దమనిషి తన మందులు అందులో ఉన్నాయని చెప్పలేకపోయారు. దిగిన చోట ఆ సంచి రాలేదు. మరుసటి రోజు వచ్చింది. ఈలోగా ఒక్క మోతాదు కూడా తప్పలేదు. కారణం ఆయన భార్య. ఆకువక్క పెట్టుకునే తిత్తిలో రెండు రోజుల మాత్రలను కాగితంలో చుట్టి ఆవిడ రొంటిన దోపుకున్నారట. "దేశంగాని దేశం పోతున్నాం, ఒంటి మీద ఉన్నదే మనదండీ" అని తిరిగి వచ్చాక నాతో అన్నారు.

నేను వైద్య కళాశాలలో చదువుకున్న పుస్తకాలలో ఈ మాట లేదు. అయినా విమానమెక్కే రోగికి ఇంతకంటె మంచి సూత్రం చెప్పలేను. సామాను రెండు విధాలని పైన రాశాను. వైద్య దృష్టితో చూస్తే అది మూడు విధాలు. అడుగున వెళ్లే పెట్టె, పైఅరలో పెట్టే సంచి, ఒంటిని అంటిపెట్టుకొని ఉండే చిన్న తిత్తి. ఈ మూడవదానిని ఎవరూ తీసుకోరు. తీసుకోనివ్వకండి.

మరి ఏది ఎందులో పెట్టాలి? ఈ విద్య మన రైతుకు కొత్త కాదు. కల్లంలో ఎండిన మిరపను నేరుగా టిక్కీలకు ఎత్తరు. ఎర్రకాయను ఒక కుప్పగా, తాలుకాయను మరొక కుప్పగా ఏరిన తర్వాతే ఎత్తుతారు. ప్రయాణపు సామానును కూడా అలాగే ఇంటి నట్టింట దుప్పటి పరచి మూడు కుప్పలు పోయండి. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకొని ఒకే ప్రశ్న వేసుకోండి. ఇది మూడు రోజులు నాకు అందకపోతే ఏమవుతుంది? ప్రాణానికి ముప్పు అయితే మొదటి కుప్ప. ఇబ్బందే తప్ప ముప్పు లేకపోతే రెండవ కుప్ప. మనసుకు బాధ తప్ప మరేమీ కాకపోతే మూడవ కుప్ప.

మందులను సైతం ఈ ప్రశ్నతోనే వేరు చేయాలి. అన్ని మందులూ సమానం కావు. ఇన్సులిన్, మూర్ఛకు వాడే మాత్రలు, స్టెంటు వేసిన వారి రక్తాన్ని పలుచన చేసే మాత్రలు, గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఉబ్బసపు ఇన్‌హేలరు, దీర్ఘకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి మందులు, పార్కిన్సన్ వ్యాధి మాత్రలు మొదటి కుప్పలోనివి. గుండె వేగాన్ని తగ్గించే కొన్ని రక్తపోటు మాత్రలను ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు, గుండె నొప్పి ఒక్కసారిగా విజృంభించవచ్చు. అవి కూడా ఇందులోనివే. థైరాయిడ్ మాత్ర, కొలెస్టరాల్ మాత్ర మూడు రోజులు ఆలస్యమైనా సాధారణంగా ప్రమాదం ఉండదు. అవి రెండవ కుప్ప. బలానికి వాడే టానిక్కులు, విటమిన్ బిళ్లలు, మోకాళ్లకు రాసుకునే తైలం నిశ్చింతగా పెద్ద పెట్టెలో వేయవచ్చు. మీరు వాడే మందు ఏ కుప్పలోనిదో తెలియకపోతే మీ వైద్యుని అడగండి. అడగడానికి రెండు నిమిషాలు చాలు.

చిన్న తిత్తిలో ప్రయాణపు రెండు మూడు రోజులకు సరిపడా మొదటి కుప్ప మందులు, చక్కెర పడిపోతే వేసుకోవడానికి నాలుగు గ్లూకోజు బిళ్లలో పటికబెల్లం ముక్కలో ఉండాలి. పాస్‌పోర్టు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం, పిల్లల ఫోను నంబరు రాసిన కాగితం కూడా అందులోనే. మిగిలిన మొదటి కుప్ప మందులు, ఇన్సులిన్ అయితే మొత్తం నిల్వ, చేతిసంచిలో ఒక విడి సంచీగా ఉంచాలి. విమానం ద్వారం వద్ద ఎవరైనా చేతిసంచిని అడిగితే, ఆ విడి సంచీని చటుక్కున బయటికి తీసి చేతపట్టుకోగలగాలి. ఇంగ్లీషు రానవసరం లేదు. "మెడిసిన్" అన్న ఒక్క మాట ప్రపంచమంతటా అర్థమవుతుంది.

ఇన్సులిన్‌ను చల్లదనపు పొట్లాలతో తీసుకువెళ్లేవారు సీసాకు, ఆ పొట్లానికి మధ్య చిన్న తువ్వాలు చుట్టండి. నేరుగా మంచుకు తగిలితే చేతిసంచిలో కూడా ఇన్సులిన్ గడ్డకట్టగలదు. ఫ్రిజ్ లేని రోజుల్లో పల్లెల్లో కుండలో తడి ఇసుక పోసి ఇన్సులిన్ సీసాలను భద్రపరచిన కుటుంబాలను నేను ఎరుగుదును. చల్లదనం కావాలి కానీ మంచు కాకూడదు అన్న సూక్ష్మం వారికి చక్కగా తెలుసు.

మందులను డబ్బాల్లోకి వొలిచి పోయవద్దు. పేరు కనిపించే అసలు అట్టలతోనే ఉంచాలి. వైద్యునితో జబ్బు పేరు, మందుల అసలు పేర్లు, మోతాదులు ఇంగ్లీషులో రాయించుకోవాలి. కంపెనీ పెట్టిన వ్యాపార నామం ఒక్కటే ఉంటే పరదేశపు వైద్యునికి ఏమీ తెలియదు. అసలు పేర్లలో సైతం తేడాలున్నాయి. మనం పారాసిటమాల్ అనేది అమెరికాలో అసిటమినోఫెన్. మన సాల్బ్యుటమాల్ వారికి ఆల్బ్యుటెరాల్. మన గ్లిబెన్‌క్లమైడ్ వారికి గ్లైబ్యురైడ్. మోతాదు కూడా రాసి ఉంటే ఈ గందరగోళం తొలగిపోతుంది. అమెరికాకు సొంత వాడుక నిమిత్తం సాధారణంగా 90 రోజులకు మించని మందులు తీసుకురావాలని అక్కడి అధికారులు చెబుతారు. అంతకు మించి ఉండబోయేవారు వైద్యునితో, పిల్లలతో ముందే ఆలోచించుకోవాలి. ఎమిరేట్స్ దేశంలో ట్రమడాల్ వంటి నొప్పి మందులపై, కొన్ని నిద్ర మాత్రలపై కఠిన నియంత్రణ ఉంది. అక్కడికి వెళ్లేవారే కాదు, అక్కడ విమానం మారేవారు కూడా చీటీ లేకుండా అటువంటివి ఉంచుకోరాదు.

ఇంతవరకు చదివి, అయితే పెట్టెలే వద్దు, అంతా చేత్తోనే పట్టుకుపోదాం అనుకునేవారు ఉండవచ్చు. అప్పగించిన సామానే లేకుండా దిగి చకచకా నడిచిపోవడం నేటి యువతకు ఒక సరదా. వారికి అది తగును. డెబ్బై ఏళ్ల వారికి తగదు. 7 కిలోల సంచిని తల పైకెత్తి అరలో పెట్టడం చిన్న పని కాదు. భుజం పట్టేసినవారికి, గిలక నొప్పి ఉన్నవారికి, ఇటీవల హెర్నియా, కంటి శుక్లం లేదా గుండె శస్త్రచికిత్స జరిగినవారికి అది అపాయం. విమానంలోని గాలి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే గాలితో సమానం. అంటే ఊటీ కొండ మీద ఉన్నట్టు. ఊపిరితిత్తుల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారికి అక్కడ చిన్న శ్రమ కూడా ఆయాసం తెప్పిస్తుంది. పైగా పెద్ద విమానాశ్రయాల్లో ఒక ద్వారం నుంచి మరొక ద్వారానికి కిలోమీటరు పైగా నడవవలసి రావచ్చు. కనుక బరువునంతా పెట్టెలకు అప్పగించి, చేతిలో తేలికగా ఉంచుకోవడమే పెద్దలకు ఆరోగ్యం. చక్రాల కుర్చీ సాయాన్ని టికెట్టు కొన్నప్పుడే కోరవచ్చు. నడవగలిగినవారు కోరడానికి సిగ్గుపడనక్కరలేదు.

బరువును అప్పగించేటప్పుడు కూడా నడుమును గుర్తుంచుకోండి. 23 కిలోల పెట్టెను తిరిగే బెల్టు మీది నుంచి దించవలసింది మీరే. అమెరికాలో మొదట దిగిన ఊరిలోనే సాధారణంగా పెట్టెలు తీసుకొని, కస్టమ్స్ దాటించి, తర్వాతి విమానానికి మళ్లీ అప్పగించాలి. పిల్లలు బయట వేచి ఉంటారు కానీ లోపలికి రాలేరు. అనుమతి ఉన్నది కదా అని ప్రతి పెట్టెనూ గీత వరకు నింపవలసిన పని లేదు.

ఇక మూడవ కుప్ప. దాని గురించి రాయకపోతే మా ప్రాంతపు తల్లులు నన్ను క్షమించరు. ఆవకాయ, గోంగూర, నెయ్యి చేతిసంచిలో వద్దు. తనిఖీలో వాటిని ద్రవాల కిందనే లెక్కిస్తారు. కారం పొడి అసలే వద్దు. కళ్లలో చల్లితే ఏమవుతుందో మనకు తెలిసినట్టే భద్రతా సిబ్బందికి కూడా తెలుసు. 2018 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో సుమారు 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన ఏ పొడినైనా చేతిసంచిలో ఉంటే ప్రత్యేకంగా తనిఖీ చేస్తారు. కనుక కందిపొడి, కరివేపాకు పొడి సైతం పెట్టెలోకే పంపండి. జాడీలో ఉన్న గాలి పైకి పోయేకొద్దీ వ్యాకోచించి నూనెను బయటికి నెడుతుంది. మూత బిగించి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, బట్టల మధ్యలో ఉంచాలి. ఎండు కొబ్బరి చిప్పలను పెట్టెలో కూడా పెట్టవద్దు. వాటిలోని నూనె కారణంగా నిప్పు అంటుకునే వస్తువుగా పరిగణించి నిరాకరిస్తారు. గసగసాలను ఎమిరేట్స్‌లో మాదకద్రవ్యంగా చూస్తారు. మసాలా పొట్లంతో పోయి కారాగారం పాలైనవారున్నారు. మాంసపు పచ్చళ్లను, నాటడానికి పనికివచ్చే విత్తనాలను అమెరికా అధికారులు అనుమతించరు. తినుబండారాలు ఉన్నాయని కాగితంలో నిజం రాస్తే, మహా అయితే ఏదో ఒకటి తీసివేస్తారు. దాచితే జరిమానా వేస్తారు.

ఇందుకు సరిగ్గా విరుద్ధమైన నియమం ఒకటి ఉంది. ఫోనుకు విద్యుత్తు నింపే పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు పెట్టెలో ఉండరాదు, చేతిసంచిలోనే ఉండాలి. అవి అడుగున అంటుకుంటే ఆర్పేవారుండరు. నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు యంత్రం వాడేవారు ఆ యంత్రాన్ని, దాని బ్యాటరీని చేత్తోనే తీసుకువెళ్లాలి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పెట్టె రాకపోతే? విమానయాన సామాను లెక్కలు చూసే సీటా సంస్థ ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా ప్రతి 1000 మంది ప్రయాణికులకు దాదాపు 7 పెట్టెలు ఆలస్యం కావడమో, దెబ్బతినడమో, దారితప్పడమో జరిగింది. వీటిలో దాదాపు సగం విమానం మారే చోట జరిగినవే. మన ఊళ్ల నుంచి వెళ్లేవారు ఒకటికి రెండుసార్లు మారక తప్పదు. పెట్టె రాలేదని తెలిసిన వెంటనే, విమానాశ్రయం వదలకముందే, సామాను కార్యాలయంలో పి.ఐ.ఆర్. అనే ఫిర్యాదు పత్రం రాయించాలి. పెట్టెకు కట్టిన చీటీ రెండవ ముక్కను బోర్డింగ్ పాసుతో పాటు భద్రపరచాలి. భారతదేశం కూడా చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజులలోగా, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజులలోగా రాతపూర్వకంగా పరిహారం కోరాలి. పరిహారపు పరిమితి ఒక్కొక్క ప్రయాణికునికి, 2024 డిసెంబరు 28 నుంచి, సుమారు 2 వేల డాలర్లు. ఆ పరిహారం బట్టలకు, వస్తువులకు పనికివస్తుంది. తప్పిపోయిన మాత్ర వల్ల మూసుకుపోయిన గుండె రక్తనాళానికి పనికిరాదు.

చివరగా మరొక మాట. 2024 జనవరి 2న టోక్యోలోని హనేదా విమానాశ్రయంలో, దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం తీరరక్షక దళపు చిన్న విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. పెద్ద విమానంలో ఉన్న 379 మంది మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు. సామాను కోసం ఆగకుండా దిగిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. కనుక చేతిసంచిని ప్రాణసమానంగా చూసుకోమని చెబుతున్న నేనే, అటువంటి ఘడియలో దానిని వదిలివేయమని కూడా చెబుతున్నాను. పైఅర వైపు చేయి చాపవద్దు. మందుల చీటీని ముందుగానే ఫోటో తీసి పిల్లలకు పంపి ఉంటే, వదిలివేయడం సులువవుతుంది.

ఆవకాయ ఒక వారం ఆలస్యంగా వచ్చినా మనవడు తింటాడు, పైగా అప్పటికి ముక్క బాగా ఊరి ఉంటుంది. రక్తపోటు ఉన్నవారు దానిని ఎంత తినాలో మరొకసారి రాస్తాను. ఈ వేసవిలో ప్రయాణం పెట్టుకున్నవారు, లేదా తల్లిదండ్రులను పంపుతున్నవారు, పెట్టె మూత వేయకముందు ఒక్కసారి దుప్పటి పరచి ఆ మూడు కుప్పలు పోయండి. సందేహాలుంటే మీ కుటుంబ వైద్యుని సంప్రదించండి. ఎక్కువ గంటలు కూర్చున్నప్పుడు కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు వచ్చే వ్యాసంలో తెలుసుకుందాం.

మీ ప్రయాణం క్షేమంగా సాగుగాక. ఆరోగ్యమస్తు.